అంగడి ఉనికి, జనుల వాక్కు

సరకు, మూలధనము, గుమాస్తాలు, గిడ్డంగులు ఎన్ని ఉన్నను, వర్తకుని నిలబెట్టునవి రెండే: వెదకికొని వచ్చువానికి అతని కొట్టు దొరకుట ఒకటి, వచ్చి కొనిపోయినవాడు నలుగురిలో అతనిని గూర్చి చెప్పు మాట మరియొకటి. ఈ రెండింటిలో మొదటిదానిని నేడు లిస్టింగు అనియు, రెండవదానిని రివ్యూ అనియు పిలుచుచు, ఇవి అరచేతిలోని ఫోనుతో పుట్టిన వింతలని తలచువారు పెక్కురు. పెదపాడు, ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు కలిసిన ఈ సీమ వాణిజ్యచరిత్రను ఓపికతో పరికించినవారికి మాత్రము, ఇవి ఇచ్చటి మట్టిలో తరతరములుగా వేళ్ళూనిన ఆచారములని తెలియగలదు. ఒక వర్తకుని ఇల్లు ఒకే కొట్టుతో ఉన్నంతకాలము ఈ ఆచారము తనంతట తాను సాగినది. అదే ఇల్లు పదియూళ్ళలో శాఖలు తెరచిననాడు దానికి కాపలా కావలసివచ్చినది. ఆ కాపలా ఎట్లు పుట్టెనో, పూర్వులు ఎచ్చట గెలిచిరో, ఎచ్చట ఓడిరో చెప్పుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఊరిని పటమునకెక్కించు ప్రయత్నము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో కూర్చుండి భూగోళగ్రంథమును రచించిన టాలమీ, తనకు తెలిసిన ప్రతి పట్టణమునకును అక్షాంశ రేఖాంశములు కట్టి పట్టికలు వ్రాసెను. అందు సలకెనాయి అను జనుల పట్టణముగా చెప్పబడిన బెనగౌరోన్, శాలంకాయనుల రాజధానియైన వేంగీపురమే యనియు, అది ఏలూరికి చేరువనున్న నేటి పెదవేగి యనియు చరిత్రకారులు పలువురు అభిప్రాయపడిరి. టాలమీ ఈ దేశమును కన్నులార చూచినవాడు కాడు. నావికులును వణిజులును తెచ్చిన వార్తలను ఒకదానితో నొకటి పోల్చి, ప్రయాణదినములను దూరములుగా మార్చి, పటమును కట్టెను. అందుచేతనే ఆయన పటమున భారతదేశపు రూపు తారుమారై, ఊళ్ళు కొన్ని ఉండవలసినచోట ఉండక జరిగిపోయినవి. చెప్పువాడొకడు, వ్రాయువాడు వేరొకడు, సరిచూచువాడు లేడు అన్నప్పుడు చిరునామాకు పట్టు గతి ఏదియో ఆ ప్రాచీనపటమే మొదట చాటినది.

ఊరిలో మెలగువానికి పటముతో పనిలేదు. ఏలూరు పట్టణమును తమ్మిలేరు చీల్చుకొని ప్రవహించుచుండగా, దానికి అటునిటు పెరిగిన పేటలే బాటసారికి పట్టికలైనవి. శనివారపుపేట, ఆదివారపుపేట అను పేర్లు నేటికిని వారముల గుర్తును మోయుచున్నవి. పల్లెలలో సంత ఏ దినమున ఎచ్చట జరుగునో పసిపిల్లవానికి సైతము తెలియును. ఒక్క మాటలో స్థలమును, తెరచియుండు వేళయును ఇమిడియుండెను. కొట్టుకు పలకలేదు, ఉన్నను చదువగలవారు అరుదు. ఫలానా గుడి వీధిలో, ఫలానా రావిచెట్టు ప్రక్కన, ఫలానావారి మేడ ఎదుట అనుటయే చిరునామా. కాలక్రమమున గుడికి, చెట్టునకు తోడుగా సినిమాహాళ్ళు, బస్టాండ్లు, అగ్నిమాపక కేంద్రము గుర్తులైనవి. ఏలూరివారు ఇప్పటికిని ఫైర్‌స్టేషన్ సెంటరనియు, పాత బస్టాండనియు చెప్పుకొని దారి తెలుపుదురేగాని, తలుపు సంఖ్య చెప్పి తెలుపువారు అరుదు.

కొల్లేటి లంకలలో ఈ పద్ధతి తలక్రిందులుగా నుండెను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు నీటితో నిండి, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు వడియు ఆ సరస్సు, వానకాలమున విస్తరించి వేసవిలో కుదించుకొనును. అచ్చట తాటిదోనెలే బండ్లు, నీరే బాట. కొనువాడు కొట్టును వెదకుట కంటె, అమ్మువాడు దోనెపై సరకు నుంచుకొని గట్టు గట్టునకు పోవుటయే సులభము. తప్పుడు తూకము వేసినవాడు మరల అదే గట్టునకు అదే దోనెలో రావలెను గదా! తప్పించుకొని పోవుటకు వేరు దారి లేనందున, అచ్చటి వర్తకునకు జనుల వాక్కే శాసనమయ్యెను.

ఏలూరికి నైరృతిదిశగా, కొల్లేటి పల్లమునకు ఎగువనున్న పెదపాడు వంటి గ్రామములలో ఈ వాక్కు పనిచేయు తీరు మరింత స్పష్టము. పూర్వము పెండ్లి నిశ్చయమైనపిమ్మట ఇంటి పెద్దలు, ముత్తైదువలు, తూకము తెలిసిన బంధువొకడు కలిసి బండి కట్టించుకొని బట్టలకు, బంగారమునకు ఏలూరికి పోయెడివారు. బట్టల కొట్టులో తెల్లని పరుపుపై కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, గుమాస్తా తానులు విప్పి పరచును; వర్తకుడు గల్లాపెట్టె యొద్దనుండి చూచుచునే, ఎవరి ఇంటివారో, ఎవరి ద్వారా వచ్చిరో కనుగొనును. బేరము ముగిసి, పద్దు చిట్టాలోనికెక్కి, మూటలు బండిలో చేరువరకు నడిచినది వ్యాపారము. అసలు తీర్పు గ్రామమునకు మరలిన తరువాత మొదలగును. చీరలు అరుగుపై పరచబడును. ఇరుగుపొరుగువారు అంచు పట్టి చూతురు, వెల అడుగుదురు. “ధర కాస్త ఎక్కువే గాని సరుకు నిజమైనది”, “ఆ కొట్లో కొలత తప్పదు”, “మొదట చెప్పిన మాట చివర లేదు” అను మూడు మాటలలో ఏ మాట ఆ అరుగుపై పడునో, దానినిబట్టి మరుసటి పెండ్లివారు ఆ దారినే పోవుదురు లేక మానుదురు. తీర్పు చెప్పినవారి ముఖము అందరికి తెలిసినది. అసత్యము చెప్పిన ఆ అసత్యము వారి మెడకే చుట్టుకొనును. పలికినవానికిని బాధ్యత ఉండుటయే ఈ పాత పద్ధతికి ప్రాణము.

కొనువాడు దూరమై, అతని మాట చేసినవాని చెవి సోకనప్పుడు ఒక గొప్ప వృత్తి ఎట్లు కృశించునో తెలిసికొనుటకు ఏలూరి తివాచీల కథను మించిన పాఠము లేదు. పారశీకదేశమునుండి వచ్చిన ముసల్మానులు ఈ నేతను ఇచ్చటికి తెచ్చిరని ప్రతీతి. ఉన్నిపోగులను ఒక్కొక్కటిగా ముడివేసి, వృక్షజములైన రంగులలో తడిపి, వారు నేసిన తివాచీలు 1851వ సంవత్సరమున లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునందు ప్రదర్శితములై మన్ననలందినవి. పేరు వచ్చినది, పేరుతోపాటు గిరాకి వచ్చినది, గిరాకితోపాటు చవుకగా, త్వరగా కావలెనను ఒత్తిడి వచ్చినది. ఎగుమతి వర్తకులు మధ్యవర్తులై వెల తగ్గించిరి. పనివాడు ముడులు పలుచన చేసెను. అనిలీను రసాయనపు రంగులు పాత రంగుల స్థానము నాక్రమించెను. దక్షిణభారతపు తివాచీనేతను గూర్చి 1908లో హెన్రీ హారిస్ ప్రకటించిన గ్రంథమున ఈ క్షీణత సవిస్తరముగా వర్ణింపబడినది.

ఈ కథలో దోషి ఎవడు? పనివాని హస్తకౌశలము ఒక్క తరములో నశింపలేదు. లండనులో తివాచీ పరచుకొన్న ఇల్లాలు, ఏడాదికే రంగు వెలిసినదని విసుగుకొన్నను, ఆ విసుగు అచ్చటి దుకాణదారునివరకే పోయినది. అతడు ఎగుమతిదారునికి వెల తగ్గింపుమని వ్రాసెనేగాని రంగు మార్చుమని వ్రాసియుండడు. ఏలూరి మగ్గము ముందు కూర్చున్నవానికి తగ్గిన కూలి మాత్రమే తెలిసినది, తగ్గుటకు కారణము తెలియలేదు. పెదపాడు అరుగుపై పలికిన మాట మూడవనాటికి ఏలూరి బజారును చేరెడిది. లండనులో పలికిన మాట తమ్మిలేటి గట్టునకు ఎన్నడును చేరలేదు. నిందను విను వీలే లేనివాడు దిద్దుకొనుట ఎట్లు? ఇదియే నేను ఆ చరిత్రనుండి గ్రహించిన సారము.

దీనికి విరుగుడుగా వర్తకులు కనిపెట్టినది మార్కు. డెల్టా భూములకు ధవళేశ్వరము, బెజవాడ ఆనకట్టల నీరు పారి, కృష్ణా గోదావరి కాలువలు ఏలూరి యొద్ద కలిసిన పిమ్మట, పడవలమీదను, 1890వ దశకమున రైలుమార్గము పడినతరువాత బండ్లమీదను ఇచ్చటి ధాన్యము దూరదేశములకు పోయెను. బియ్యపు మిల్లుదారు గోనెసంచిపై తన గుర్తును అచ్చుకొట్టించెను. ఎంత దూరమున సంచి విప్పినను, మెచ్చినవాడు ఆ గుర్తునే మరల కోరును, నొచ్చినవాడు ఆ గుర్తునే విడుచును. 1940లో వచ్చిన ట్రేడ్‌మార్కుల చట్టము ఈ గుర్తులకు రిజిస్ట్రేషను కల్పించి రక్షణ నిచ్చెను. నేటికిని కొల్లేటి ప్రాంతమునుండి మంచుతో నింపిన పెట్టెలలో కోల్‌కతాకు, గువాహటికి పోవు చేపల విషయమున, పెట్టె ఎవరిదో తెలియుటయే మొదటి నమ్మకము.

అచ్చుయంత్రము వచ్చి చిరునామాకు క్రొత్త కాళ్ళు తొడిగినది. మద్రాసు అసైలం ప్రెస్సువారు ఏటేట ప్రకటించిన ఆల్మనాక్ డైరెక్టరీలో ఉద్యోగులతోపాటు వ్యాపారసంస్థల పేర్లును పట్టికలుగా ఎక్కినవి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును ప్రారంభించి, 1908లో అచ్చటనే వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రికను 1914లో మద్రాసున దినపత్రికగా వెలువరించినపుడు, మందు ప్రకటన తెలుగునాట ఇంటింటికి చేరుటకు మార్గమేర్పడినది. సంగీతసభలలో ఆ మందును ఉచితముగా పంచి, వాడినవారి నోటిమాటను సంపాదించిన ఆయన నేర్పు, ప్రకటనకును అనుభవమునకును గల సంబంధమును ఎరిగినవాని నేర్పు. పట్టణములలో టముకు వేయించుటయు, జట్కాబండిపై బాజాతో తిరుగుచు కరపత్రములు వెదజల్లుటయు ఇదే పనికి వీధిలోని రూపములు. కాని అచ్చులో పడినది ఏడాదివరకు మారదు. కొట్టు వీధి మారినను డైరెక్టరీలో పాత వీధిలోనే నిలిచియుండును.

ఇట్టి చిక్కులకు జంకియో, తమ పేరు పరులపాలగునను భీతిచేతనో, మన మిఠాయివారు, వస్త్రవర్తకులు కొట్టు నొసట ఒక వాక్యమును వ్రాయించుట అలవాటు చేసికొనిరి: “మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు.” తాపేశ్వరము కాజాకు పేరు వచ్చినకొలది ఊరూర ఆ పేరుతోనే కొట్లు వెలసినవి, ఏది మూలమో, ఏది అనుకరణమో కొనువానికి తెలియని స్థితి ఏర్పడినది. ఆ వాక్యము వెనుకనున్న భయము నిర్హేతుకము కాదు. యజమాని కన్ను ఒక గల్లాపెట్టెపై నిలుచును. పది పెట్టెలపై ఏకకాలమున నిలువలేదు.

ఆ భయమును జయించి శాఖోపశాఖలుగా విస్తరించిన సంస్థకు ఉత్తమోదాహరణము ఆంధ్రా బ్యాంకు. ఏలూరు సమీపమున గుండుగొలనులో 1880లో జన్మించిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్టణమున లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో దీనిని నెలకొల్పిరి. ఆ పేరు ఊరూర బోర్డుపైకెక్కి, అర్ధశతాబ్దము గడచిన పిమ్మట 1980లో జాతీయమై, అటుపిమ్మట 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఒక్క దినమున విలీనమైనను, ప్రతి ఊరి శాఖయొక్క బోర్డు, పాసుపుస్తకము, ఏఎన్‌డీబీతో మొదలగు ఐఎఫ్ఎస్‌సీ సంకేతము, ఫోను సంఖ్య, పటములోని పేరు ఒక్కొక్కటిగా మారవలసివచ్చెను. పాత సంకేతము వ్రాసికొన్న రైతునకు, పెన్షనుదారునకు క్రొత్తది తెలుపవలసివచ్చెను. పెద్దలు నేటికిని ఆ భవనమును ఆంధ్రా బ్యాంకనియే పిలుతురు. పేరు మార్చుట కార్యాలయములో ఒక ఉత్తరువు. జనుల నాలుకపై అది తరము పట్టు కార్యము.

ఊళ్ళ పేర్ల విషయమునను ఇట్టి తారుమారులే. ఏలూరు దొరల కాగితములలో ఎల్లోర్, విజయవాడ బెజవాడ. దామోదరం సంజీవయ్యగారి జన్మస్థలము కర్నూలు సీమలోని పెద్దపాడు. మన ఏలూరి సీమలోనిది పెదపాడు. ఒక్క ఒత్తు తప్పిన ఉత్తరము రాష్ట్రము ఈ చివరనుండి ఆ చివరకు పోవును. తాడేపల్లిగూడెమును ఈ ప్రాంతపువారు గూడెమందురు. కృష్ణ ఆవలిగట్టున తాడేపల్లి వేరుగా నున్నది. ఇట్టి గందరగోళమును తొలగింపనెంచి తపాలాశాఖవారు 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టిరి. 534 అంకెలతో మొదలగు సంకేతము ఏలూరు, గూడెము ప్రాంతములకు గుర్తైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజింపబడి, పెదపాడు ఏలూరు జిల్లాలోనికిని, కృష్ణాజిల్లానుండి కైకలూరును అందులోనికే రాగా, తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగాగల పశ్చిమగోదావరిలో నిలిచెను. పెదపాడు, కైకలూరులలో శాఖలుగల వర్తకుని బిల్లు పుస్తకములోని చిరునామాలు ఒక్క ఉదయమున పాతబడినవి.

ఇక వర్తమానము. 1996లో ఆరంభమైన జస్ట్‌డయల్, ఫోను చేసినవానికి వర్తకుల చిరునామాను నోటిమాటగా చెప్పు పద్ధతిని నెలకొల్పెను. 2005లో గూగుల్ పటములు వెలువడినవి. వ్యాపారులు తమ వివరములను తామే నమోదు చేసికొను ఏర్పాటు 2014లో గూగుల్ మై బిజినెస్ అనియు, 2021లో బిజినెస్ ప్రొఫైల్ అనియు పేరు దాల్చెను. కొట్టు నిజముగా ఆ చోటనే ఉన్నదని నిర్ధారించుటకు ఆ సంస్థ చాలకాలము ఒక తపాలా కార్డును పంపెడిది. తపాలాబంట్రోతు తెచ్చి ఇచ్చిన కార్డుపై సంకేతసంఖ్యను వర్తకుడు తిరిగి నమోదు చేయవలెను. ఇటీవల కొట్టు వీధిని, బోర్డును, లోపలి గల్లాను ఫోనులో వీడియో తీసి చూపు పద్ధతి ప్రబలినది. పదియు అంతకు మించియు శాఖలున్న సంస్థలకు ఒక్కసారిగా నిర్ధారించు సౌకర్యము కలదు. టాలమీకి లేని సరిచూపు ఇచ్చట కొంత సమకూడినది.

అయినను యంత్రము నమోదు చేయునేగాని కాపలా కాయదు. ఏలూరిలో, గూడెములో, కైకలూరులో మూడు బట్టల కొట్లున్న ఇంటిని ఊహింపుడు. మూడింటి పేరును ఒకే అక్షరక్రమమున ఉండవలెను. ఒకచోట ‘అండ్ సన్స్’, వేరొకచోట ‘సిల్క్స్’ అని పడిన, పటము వానిని వేరు సంస్థలుగా తలచును. ప్రతి కొట్టుకు దాని ఫోను సంఖ్యయే ఉండవలెను. గూడెమువాడు పిలిచిన ఏలూరు పలుకరాదు. వారపు సెలవు, భోగి, సంక్రాంతి, కనుమ దినముల వేళలు ముందుగా మార్చవలెను. ఏలూరి కొట్టు పాత బస్టాండునుండి తరలినచో, పటములోని సూదిగుర్తును అదే వారమున జరుపవలెను, పాత గుర్తు మిగిలి రెండు కొట్లుగా కనబడకుండ కలుపవలెను. దారినపోవు ఎవరైనను మార్పు సూచింపవచ్చును గనుక, తెరచియున్న కొట్టు శాశ్వతముగా మూతపడినదని చూపబడు ప్రమాదమును కలదు. పూర్వము గుమాస్తా ప్రతి ఉదయము కొట్టు ముందు కల్లాపి చల్లించి, బోర్డు తుడిపించుటతో దినచర్య ఆరంభించినట్లే, నేటి యజమాని ఈ లిస్టింగులను నియతముగా తెరచిచూచుట ధర్మము.

రెండవది, జనుల వాక్కు. ఒకటి మొదలు ఐదువరకు నక్షత్రములు, నాలుగు పంక్తుల వ్రాత. తివాచీ నేసినవానికి దక్కని భాగ్యము ఇది: కైకలూరు కొట్టులో జరిగిన అపచారము ఏలూరిలోనున్న యజమానికి ఆ సాయంకాలమే తెలియుచున్నది. ఆ భాగ్యమును ఉపద్రవముగా చూచువారు పొరపడుచున్నారు. నిందను చూచి కలవరపడక, ఏ శాఖలో, ఏ దినమున, ఏ గుమాస్తాతో జరిగెనో విచారించి, తప్పున్న ఒప్పుకొని, సరకు మార్చి, మర్యాదగా ప్రత్యుత్తరము వ్రాసినయెడల, చదువువారు నిందకంటె ప్రత్యుత్తరమునే ఎక్కువగా గమనింతురు. మూడు శాఖలలో ఒక్క శాఖకే ఒకే నింద మాటిమాటికి వచ్చుచున్న, అది ఆ శాఖ నిర్వాహకునకు సందేశము. అన్ని నిందలకును అచ్చుకొట్టిన ఒకే వాక్యమును అతికించువాడు మాత్రము, విన్నట్లు నటించుచు వినకుండుట తప్ప వేరొకటి చేయుటలేదు.

అరుగుపై పలికిన మాటకు ముఖముండెను. తెరపై వ్రాసిన మాటకు అది కొరవడినది. డబ్బిచ్చి పొగడ్తలు వ్రాయించువారు, పోటీదారుని దుకాణముపై బురద చల్లించువారు బయలుదేరిరి. ఈ దుష్టాచారమును అరికట్టనెంచి భారత ప్రమాణముల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అను ప్రమాణమును ప్రకటించెను. వ్రాసినవాడు నిజముగా ఉన్నవాడా కాదా అని సరిచూచుట, ప్రతిఫలమునకై వ్రాయింపబడిన అభిప్రాయములను ప్రకటింపకుండుట, అనుకూలములనే ఉంచి ప్రతికూలములను దాచు పక్షపాతమును మానుట దాని సారాంశము. స్వచ్ఛందప్రమాణమే యైనను, 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము వంచకమగు ప్రకటనలపై శిక్షకు ఆధారము కల్పించుచున్నది. కొనితెచ్చుకొన్న పొగడ్త ఎంతటిదైనను, కొట్టులో అడుగిడినవాని అనుభవము ముందు అది నిలువదు.

కనుక ఈ సీమ వర్తకులకు నా విన్నపము: మీ ప్రతి శాఖ ఉనికిని సత్యముగా వ్రాయుడు, వేళలను సత్యముగా వ్రాయుడు, నిందను వినుడు, జవాబు చెప్పుడు, పొగడ్తను కొనకుడు. పాఠకులకును ఒక మాట. కొనినవారు మీరు, తీర్పు మీది. మెచ్చిన మెచ్చినంత, నొచ్చిన నొచ్చినంత, ఊరి అరుగుపై ముఖాముఖి ఏ మాట పలుకుదురో అదే మాటను, అదే బాధ్యతతో, తెరపైనను వ్రాయుడు. వర్తకుని సత్యము, కొనువాని సత్యము రెండును కలిసిననాడే బజారుకు పేరు నిలుచును.